చర్చ: ఐర్లాండ్‌లో ఆవుల మందలు తగ్గించమనడం రైతుకి న్యాయమేనా?

తుంగభద్ర (చర్చ మొదలుపెట్టినవారు)

మేం కార్క్ కౌంటీలో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. నేను మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను, వ్యవసాయం గురించి తెలిసింది తక్కువ. మా పెరటి కంచె అవతల ఒక పాడి రైతు పొలం ఉంది. 40 హెక్టార్లు, వందకి కాస్త పైన ఆవులు. 2015 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ పాల కోటాలు ఎత్తేశాక ఆయన అప్పు చేసి కొత్త షెడ్డు కట్టాడు, పాలు పితికే యంత్రాలు పెట్టాడు, మందను పెంచాడు. అప్పట్లో పెంచమని వెన్ను తట్టింది ప్రభుత్వమే. ఇప్పుడు 2030కల్లా వ్యవసాయంలో ఉద్గారాలు 2018 నాటికంటే 25 శాతం తగ్గాలంటున్నదీ ప్రభుత్వమే. పైగా హెక్టారుకి ఎన్ని పశువులుండొచ్చో చెప్పే నైట్రేట్ పరిమితి ఏటికేడు బిగుస్తోంది. "అప్పు నా దగ్గరే ఉంది, ఆవుల్ని మాత్రం తీసెయ్యమంటున్నారు" అంటాడాయన.

డబ్లిన్‌లో పుట్టి పెరిగిన మా కొలీగ్స్‌ని అడిగితే "రైతులు ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారు, పట్టించుకోకు" అంటారు. ఇక్కడ వ్యవసాయం, పర్యావరణం రెండూ తెలిసినవాళ్లు కొందరున్నారు కదా, ఎవరి వాదనలో బలముందో చెప్పండి. పార్టీల గొడవ వద్దు.

లెక్కలపంతులు

ముందు ఉన్న సంగతి ఉన్నట్టు చూద్దాం. ఈ దేశం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో వ్యవసాయం వాటా 38 శాతం దగ్గర. ఇది ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క. యూరోపియన్ యూనియన్‌లో మరే దేశంలోనూ వ్యవసాయం వాటా ఇంత లేదు. అందులో అరవై శాతం పైన ఆవులు, గొర్రెలు నెమరు వేస్తూ త్రేన్చే మీథేనే. మిగతాది పేడ, ఎరువులు, సున్నం వగైరా.

2021 వాతావరణ చట్టం ప్రకారం 2030కి దేశం మొత్తం మీద 51 శాతం తగ్గాలి. ఏ రంగం ఎంత తగ్గించాలో 2022 జులైలో పంచారు. కరెంటు 75 శాతం, రవాణా 50, పరిశ్రమలు 35, వ్యవసాయం 25. వ్యవసాయానికి 22 నుంచి 30 మధ్య ఏదో ఒకటి అని ముందే అనుకున్నారు. రైతు సంఘాలు కింది అంకె దగ్గర పట్టుబట్టాయి, గ్రీన్ పార్టీ మంత్రి ఎయమన్ ర్యాన్ పై అంకె వైపు లాగారు, వ్యవసాయ మంత్రి చార్లీ మెకానలోగ్ కింది అంకె వైపు మొగ్గారు. బేరం 25 దగ్గర తెగింది. అంటే అన్ని రంగాల్లోకీ తేలికైన బరువు పడింది వ్యవసాయం మీదే. "అంతా రైతు నెత్తినే" అన్న మాట నిలవదండీ.

ఇక పెంచమన్న సంగతి. 2010లో ప్రభుత్వం 'ఫుడ్ హార్వెస్ట్ 2020' అని ఒక ప్రణాళిక తెచ్చింది. పాల ఉత్పత్తి పదేళ్లలో 50 శాతం పెరగాలని దాని లక్ష్యం. 11 లక్షల దరిదాపుల్లో ఉన్న పాడి ఆవులు 16 లక్షల దాకా వెళ్లాయి. ఇన్ని ఆవులు వస్తే గాలి, నీళ్లు ఏమవుతాయని అప్పుడే అడిగినవాళ్లున్నారు. వాళ్ల మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. మీ పక్కాయన మీద నాకు కోపం లేదు. కానీ తప్పుడు సలహా విని షెడ్డు కట్టినంత మాత్రాన ఆ షెడ్డులో ఆవులు త్రేన్చడం మానవు.

పాలకేంద్రం

పంతులు గారి అంకెలు కరెక్టే. కథ మాత్రం సగమే చెప్పారు. నేను దక్షిణాన మన్‌స్టర్ ప్రాంతంలో ఒక పాల సహకార సంఘంలో పనిచేస్తున్నాను, రోజూ రైతులతోనే నా పని.

పాడి ఆవులు పెరిగాయి, నిజం. అదే కాలంలో సక్లర్ ఆవులు బాగా తగ్గాయి. తెలియనివాళ్ల కోసం: సక్లర్ అంటే పాలు పితకరు, దూడ తాగి పెరుగుతుంది, పెరిగాక మాంసానికి అమ్ముతారు. రెండూ, దూడలూ కలిపి మొత్తం పశువులు 70 లక్షల చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. 1990ల చివర్లో ఇంతకంటే ఎక్కువే ఉండేవి. కాబట్టి "2015 తర్వాత మందలు ఆకాశాన్నంటాయి" అని పేపర్లో చదివి నమ్మేయకండి.

రెండోది ఆదాయం. ఇక్కడి వ్యవసాయ పరిశోధన, సలహా సంస్థ టీగాస్క్ ఏటా చేసే సర్వేలో 2022లో సగటు పాడి రైతు ఆదాయం లక్షన్నర యూరోలు. మర్నాడే డబ్లిన్‌లో ప్రతివాడూ "రైతులు కోటీశ్వరులు" అన్నాడు. 2023లో పాల ధర పడిపోయింది, అదే సగటు 50 వేల లోపుకి జారింది. ఒక్క ఏడాదిలో మూడింట రెండు వంతులు గాల్లో కలిసింది. ఈ ఊగిసలాటలో పాతికేళ్ల అప్పు మోసేవాడికి "వచ్చే ఏడాది పది శాతం ఆవుల్ని తీసెయ్" అంటే ఎలా ఉంటుందో ఊహించండి. సక్లర్ రైతుల సంగతి ఇంకా అన్యాయం. 2023లో వాళ్ల సగటు పదివేల యూరోలు కూడా లేదు. చాలామంది పగలు లారీ తోలి, బిల్డింగ్ పనికెళ్లి, సాయంత్రం ఆవుల దగ్గరికొస్తారు.

మూడోది, ఇక్కడ ఆవు ఏడాదిలో ఎక్కువ కాలం బయట పచ్చిక మేస్తుంది. షెడ్డులో కట్టేసి సోయా మేపడం ఇక్కడి పద్ధతి కాదు. యూరోపియన్ కమిషన్ వాళ్ల సొంత పరిశోధన కేంద్రమే 2010లో తేల్చింది, లీటరు పాలకి పడే కార్బన్ భారం ఐర్లాండ్, ఆస్ట్రియాల్లోనే అందరికంటే తక్కువని. ఇక్కడి పాలు తగ్గితే ఆ పాలు ఇంకెక్కడో ఎక్కువ భారంతో వస్తాయి. భూగోళానికి ఒరిగేదేంటి?

సందేహజీవి

బ్రో, ఇదంతా ఒక డ్రామా. 2023లో 2 లక్షల ఆవుల్ని చంపేస్తామని ప్రభుత్వం ప్లాన్ వేసింది, ఎలాన్ మస్క్ కూడా తిట్టాడు. అటు చూస్తే దేశంలో వాడే కరెంటులో 21 శాతం డేటా సెంటర్లే తాగుతున్నాయి. వాటిని ముట్టుకోరు, ఆవు మీద పడతారు. మనలో సగం మంది ఆ డేటా సెంటర్ల పుణ్యమాని ఇక్కడున్నవాళ్లమే, అందుకే ఎవరూ మాట్లాడరు 😄

లెక్కలపంతులు

> 2 లక్షల ఆవుల్ని చంపేస్తామని ప్రభుత్వం ప్లాన్ వేసింది

ప్లాన్ కాదు బాబూ. వ్యవసాయ శాఖలో ఒక అంతర్గత పత్రం, సమాచార హక్కు కింద బయటికొచ్చింది. ఏడాదికి 65,000 పాడి ఆవుల చొప్పున మూడేళ్లు తగ్గిస్తే ఎంత ఖర్చవుతుందని వేసిన అంచనా. ఏడాదికి 20 కోట్ల యూరోలు, అంటే ఆవుకి మూడు వేల పైచిలుకు. అది కూడా ఇష్టమున్నవాళ్లకే. పథకంగా రానే లేదు. డేటా సెంటర్ల మాట నిజమే, 2023కి 21 శాతం. కానీ ఆ కరెంటు కరెంటు రంగం లెక్కలో పడుతుంది, దానికి 75 శాతం కోత ఉంది. ఒకరి తప్పు చూపించి ఇంకొకరి తప్పు మాఫీ చేయడం కుదరదు.

నిజానికి ఆ పత్రం మీద సరిగ్గా చర్చ జరిగుంటే బాగుండేది. ఒక పాడి ఆవు ఏడాదికి దాదాపు 120 కిలోల మీథేన్ త్రేన్చుతుంది. మీథేన్ వేడి కార్బన్ డయాక్సైడ్‌కి 28 రెట్లన్న లెక్కన అది మూడున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి కాస్త తక్కువ. 1,95,000 ఆవులు తగ్గితే ఆరున్నర లక్షల టన్నులు. వ్యవసాయం 2.3 కోట్ల టన్నుల నుంచి 1.725 కోట్లకి రావాలి, అంటే 57.5 లక్షల టన్నులు తగ్గాలి. మొత్తం 60 కోట్ల యూరోలు పెడితే త్రేన్పుల్లోనే తొమ్మిదో వంతు తీరేది, పేడా ఎరువులూ కలపకుండానే. నాకైతే ఇది చవక బేరమే. లక్ష్యాలు తప్పితే 2030కి ఐర్లాండ్ ఇతర యూరప్ దేశాలకి కట్టాల్సింది 800 కోట్ల నుంచి 2,600 కోట్ల యూరోల దాకా ఉండొచ్చని ప్రభుత్వ ఖర్చుల మీద కన్నేసే ఫిస్కల్ కౌన్సిల్, వాతావరణ సలహా మండలి కలిసి 2025లో హెచ్చరించాయి. ఆ డబ్బు మన పన్నుల్లోంచే పోతుంది, దాంతో ఇక్కడ ఒక్క షెడ్డు అప్పు కూడా తీరదు.

పాలకేంద్రం గారూ, మీరు చెప్పిన 2010 అధ్యయనం వాడిన డేటా 2004 నాటిది. ఇంకా దాన్నే పట్టుకు తిరగడం బాగోలేదు. లీటరుకి ఎంత అనేది మార్కెటింగ్‌కి పనికొస్తుంది. గాలికి కావాల్సింది మొత్తం ఎంత అనే.

ఏటిఒడ్డు

అందరూ గాలి గురించే మాట్లాడుతున్నారు. నేను నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను, కాబట్టి నీళ్ల గురించి. తుంగభద్ర గారూ, మీ పక్కాయనకి దగ్గర పడుతున్న గండం నా దృష్టిలో మీథేన్ కాదు, నైట్రేట్.

1991 నాటి యూరప్ నైట్రేట్ ఆదేశం ప్రకారం పశువుల పేడ, మూత్రం ద్వారా హెక్టారుకి 170 కిలోల నత్రజని మించకూడదు. ఐర్లాండ్ 2007 నుంచి మినహాయింపు తెచ్చుకుంది, షరతులు పాటించే రైతులకి 250 దాకా. ఇప్పుడు ఆ మినహాయింపు మీద ఆధారపడినవి ఓ ఏడు వేల పొలాలు. నీళ్లు బాగుపడకపోవడంతో 2024 జనవరి నుంచి చాలా ప్రాంతాల్లో 250ని 220 చేశారు. డెన్మార్క్ ఇలాంటి మినహాయింపు వదిలేసింది, నెదర్లాండ్స్‌కి 2025తో ముగిసింది. ఐర్లాండ్‌కి 2028 చివరి దాకా పొడిగించడానికి 2025 డిసెంబరులో సభ్యదేశాల కమిటీ ఒప్పుకుంది, అదీ కొత్త షరతులతో.

ఎందుకింత పట్టింపు అంటారా? దక్షిణం, ఆగ్నేయం వైపు నేలలు తేలికైనవి, నీరు చటుక్కున ఇంకిపోతుంది. పాడికి అవే శ్రేష్ఠం, ఫిబ్రవరిలోనే ఆవుల్ని బయటికి తోలొచ్చు. ఆ గుణమే నీళ్లకి శాపం. ఆవు మూత్రం పోసిన చోట నత్రజని ఒక్క దగ్గర కుప్పగా పడుతుంది, గడ్డి అంతా తాగలేదు. శరదృతువు వానలకి మిగిలింది నేలలోకి దిగి, భూగర్భ జలం గుండా స్లేనీ, బారో, నోర్, సూర్, బ్లాక్‌వాటర్, లీ, బ్యాండన్ నదుల్లోకి, అక్కణ్నుంచి సముద్రపు పాయల్లోకి చేరుతుంది. అక్కడ నాచు కమ్మేసి ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఈ నదుల్లో నత్రజనిలో 85 శాతం పైన వ్యవసాయం నుంచే వస్తోందని ఈపీఏ తేల్చింది.

వాతావరణ మార్పు ఈ లెక్కని ఇంకా చెడగొడుతోంది. 2018 వేసవిలో ఇక్కడ కరువొచ్చింది. గడ్డి ఎండిపోయి వేసిన ఎరువు తాగలేదు, మేత లేక రైతులు సైలేజీ (పులియబెట్టి దాచిన గడ్డి) బయటినుంచి తెప్పించుకున్నారు. ఆ తర్వాత వానలు పడగానే నేలలో మిగిలిన నత్రజనంతా ఒక్కసారిగా నదుల్లోకి కొట్టుకొచ్చింది. ఆ శీతాకాలం నైట్రేట్ గ్రాఫు చూస్తే గోడలా లేస్తుంది. రైతు తప్పు చేయకపోయినా అంకె చెడుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, దీన్ని మా వాళ్లు పైకి అంత గట్టిగా చెప్పరు. కావన్, మోనహన్ వైపు బరువైన బంకనేలల్లో సమస్య నైట్రేట్ కాదు, ఫాస్ఫరస్. అది పైపైన వాననీటితో కొట్టుకుపోతుంది. అక్కడ హెక్టారుకి కిలోల పరిమితి ఎంత తగ్గించినా పెద్దగా ఒరగదు. కాలవ పక్కన చెట్ల వరస, కంచె, పేడనీళ్లు ఎప్పుడు చల్లారన్నదే ముఖ్యం. దేశమంతటికీ ఒకే అంకె పెట్టడం అధికారులకి సులువు, ఏటికి కాదు.

పాలకేంద్రం

ఏటిఒడ్డు గారూ, ఆఖరి పేరా ఫ్రేమ్ కట్టించుకుంటాను 🙏

220 అంటే ఏంటో లెక్క వేసి చూపిస్తాను. మధ్యస్థంగా పాలిచ్చే ఆవుకి ఏడాదికి 92 కిలోల నత్రజని అని నిబంధన (తక్కువ పాలకి 80, ఎక్కువ పాలకి 106). తుంగభద్ర గారి పక్కాయనకి 40 హెక్టార్లు. పెయ్యల్ని వదిలేసి ఆవుల్నే లెక్కేస్తే 250 పరిమితిలో 108 ఆవులు. 220లో 95. మినహాయింపు మొత్తం పోయి 170కి వస్తే 73. అంటే 35 ఆవులు పోతాయి. షెడ్డు, యంత్రాలు, అప్పు మాత్రం 108 ఆవులవే.

అప్పుడు రైతు ఏం చేస్తాడు? ఆవుల్ని అమ్మడు. పక్కన పొలం కౌలుకి తీసుకుని హెక్టార్లు పెంచుకుంటాడు. కౌలు ధర ఎంతైనా పెడతాడు, వేరే దారి లేదు కాబట్టి. ఆ పోటీలో ఓడిపోయేది బార్లీ, గోధుమ వేసుకునేవాడు. దేశంలో ధాన్యం సాగు పెంచాలని వాతావరణ ప్రణాళికలోనే రాసుకున్నారు. ఒక చేత్తో రాసిందాన్ని ఇంకో చేత్తో చెరుపుతున్నారు.

ఏటిఒడ్డు

కౌలు సంగతి నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

నల్లరేగడి

నేను కర్నూలు వైపువాణ్ని, ఇప్పుడు కిల్డేర్‌లో ఉంటున్నా. ఇక్కడి రైతులు 'ప్రొటెక్టెడ్ యూరియా' అని ఏదో గొప్పగా చెప్పుకుంటుంటే నవ్వొస్తుంది. మన దేశంలో 2015 నుంచే యూరియా అంతా వేపనూనె పూసిందే. ఇక్కడ ఇంకా వాడండి బాబూ అని బతిమాలుతున్నారు. అయినా 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా బస్తా కోసం జనం తెల్లారకముందే చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డారు. ఇక్కడివాళ్లకి దొరికీ వాడట్లేదు!

లెక్కలపంతులు

నల్లరేగడి అన్నా, రెండూ ఒకటి కాదు. నేలలో అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారడాన్ని వేపనూనె నెమ్మది చేస్తుంది. ఇక్కడిది యూరియా కరిగి అమ్మోనియా వాయువుగా ఎగిరిపోకుండా ఆపుతుంది. ఇక్కడ అసలు అలవాటు క్యాన్ అనే నైట్రేట్ ఎరువు. దాని బదులు ప్రొటెక్టెడ్ యూరియా వేస్తే నైట్రస్ ఆక్సైడ్ 71 శాతం తగ్గుతుందని టీగాస్క్ ప్రయోగాల్లో తేలింది. గడ్డి దిగుబడి తగ్గదు, ఖర్చు కూడా కలిసొస్తుంది. ఆవుని ముట్టుకోకుండా తగ్గించుకునే దారుల్లో ఇదే అన్నిటికంటే సులువు. 2023లో వ్యవసాయ ఉద్గారాలు 4.6 శాతం తగ్గాయంటే పెద్ద కారణం ఎరువుల వాడకం 18 శాతం పడిపోవడమే. ఉక్రెయిన్ యుద్ధం వల్ల ధరలు మండి అలవాటు మారింది, వానలు కూడా కలిశాయి. విధానం వల్ల తగ్గింది కొంతే.

సందేహజీవి

సరే, మరి ఆ బోవేర్ పొడి మేతలో కలిపితే మీథేన్ 30 శాతం తగ్గుతుందట కదా. కలిపేస్తే గొడవ వదిలిపోతుందిగా.

పాలకేంద్రం

షెడ్డులో రోజంతా కలిపిన దాణా తినే ఆవుకి పనిచేస్తుంది తమ్ముడూ. ఆ మందు కడుపులో కొన్ని గంటలకే అరిగిపోతుంది. ఇక్కడ ఆవు రెండు పూటలా పితికేటప్పుడు తప్ప మిగతా రోజంతా బయట గడ్డి మీదే ఉంటుంది, గంట గంటకీ ఎవరు తినిపిస్తారు? పచ్చిక మేపు మా బలం అని గొప్ప చెప్పుకునే దేశానికి ఆ పచ్చికే ఇక్కడ అడ్డం. ప్రస్తుతానికి చేతిలో ఉన్నవి ఇవీ: తక్కువ మీథేన్ వదిలే ఎద్దుల్ని జన్యు సూచికతో ఎంచుకోవడం, నత్రజనిని తనే పట్టుకునే క్లోవర్ గడ్డి, మాంసం పశువుల్ని 26 నెలల బదులు 22, 23 నెలలకే అమ్మకానికి సిద్ధం చేయడం. అన్నీ కలిపినా 25 చేరతామా అంటే నాకూ అనుమానమే. దేశం మొత్తం మీద 51 బదులు 23 శాతమే తగ్గేలా ఉందని ఈపీఏ 2025లో చెప్పింది, రైతు ఒక్కడే వెనకబడ్డాడని అనకండి.

గోదారిగట్టు

ఆవు అంటే పర్యావరణానికి శత్రువు అన్నట్టు సాగుతోంది చర్చ. నేను క్లేర్ కౌంటీలో నర్సుని, బరెన్‌కి దగ్గర. అక్కడి సంగతి ఒకసారి వినండి.

బరెన్ అంటే కొండలు కొండలుగా పరిచిన సున్నపురాయి. పైకి బండలే కనిపిస్తాయి, పగుళ్లలో మాత్రం ఐరోపాలో ఇంకెక్కడా ఒకచోట కనపడని పూల మొక్కలు ఉంటాయి. ఆ పూలు బతికున్నది ఆవుల వల్లే. మిగతా దేశంలో చలికాలం పశువుల్ని షెడ్డులో కడతారు, బరెన్‌లో తద్భిన్నం. చలికాలమే కొండ మీదికి తోలతారు. రాయి ఎండ వేడిని పట్టి ఉంచుతుంది, తేమ ఇంకిపోతుంది. ఆవులు ముదురు గడ్డి మేసేస్తే వసంతంలో నీలం జెన్షియన్ పూలకి వెలుతురు దొరుకుతుంది. తోలడం మానేసిన చోట హేజెల్ పొదలు కమ్మేశాయి, పూలు పోయాయి.

2005లో అక్కడ యూరప్ నిధులతో ఒక పథకం మొదలైంది, తర్వాత బరెన్ ప్రోగ్రాం అయింది. దాని పద్ధతి నాకు భలే నచ్చింది. ఇది చెయ్, అది చెయ్యకు అని రూల్సు రాసి చేతులు దులుపుకోలేదు. ప్రతి పొలానికి పదికి మార్కులు వేస్తారు, మార్కులు పెరిగితే డబ్బు పెరుగుతుంది. ఎలా పెంచుకుంటావో నీ ఇష్టం. నా పేషెంట్లలో ఒక పెద్దాయన "ఆవు తూకం ఎంత అని ఒకరినొకరు అడిగేవాళ్లం, ఇప్పుడు నీ పొలానికి ఎన్ని మార్కులు అని పబ్బులో పందేలేసుకుంటున్నాం" అంటాడు. రైతుకి పర్యావరణం పరాయిది కాదండీ, అది కూడా ఒక పంటే అని లెక్కగట్టి కొంటే పండిస్తాడు.

పాలకేంద్రం

అక్కా, చాలా బాగా చెప్పారు. మిగతాది కూడా చెప్పాలి మరి. ఆ పథకాన్ని 2023 నుంచి 'ఏకర్స్' అనే జాతీయ పథకంలో కలిపేశారు. 50 వేల మంది పైన చేరారు. మార్కుల పద్ధతి కొంత తీసుకున్నారు, కంప్యూటర్ వ్యవస్థ మాత్రం సిద్ధం చేసుకోలేదు. చెల్లింపులు నెలల తరబడి ఆలస్యమై 2024లో తాత్కాలికంగా కొంత చేతిలో పెట్టారు. తర్వాత లెక్క తేలాక ఎక్కువ ఇచ్చామని కొందరి దగ్గర వెనక్కి అడిగారు. ఇలా జరిగాక "పర్యావరణం పండించు, కొంటాం" అంటే ఏ రైతు నమ్ముతాడు? పాల డబ్బు నెల తిరక్కుండా ఖాతాలో పడుతుంది.

లెక్కలపంతులు

గోదారిగట్టు గారూ, బరెన్‌కి దణ్ణం పెడతాను. కానీ బండల మీద పల్చగా మేసే సక్లర్ ఆవుల్ని చూపించి, హెక్టారుకి రెండున్నర చొప్పున నింపిన మన్‌స్టర్ పాడి మందల్ని సమర్థించొద్దు. పాడి సంఘాల ప్రకటనలు ఎప్పుడూ చేసే పని అదే. బొమ్మ బరెన్‌ది, పాలు ఇంకోచోటివి.

గోదారిగట్టు

నేనెక్కడ సమర్థించాను పంతులుగారూ? అందర్నీ ఒకే గాటన కట్టొద్దంటున్నాను, మీరు అంటున్నదీ అదే కదా.

నల్లరేగడి

అసలు మీథేన్ పన్నెండేళ్లలో గాల్లోంచి పోతుందంటారు. బొగ్గు పొగ వందల ఏళ్లుంటుంది. రెంటినీ ఒకే తక్కెట్లో పెట్టడం ఏం న్యాయం? న్యూజిలాండ్ వాళ్లు మీథేన్‌కి విడిగా లక్ష్యం పెట్టుకున్నారుగా.

లెక్కలపంతులు

పెట్టుకున్నారు. ఏమైందో కూడా చూడండి. 2050కి మీథేన్ 24 నుంచి 47 శాతం తగ్గించాలన్నది 2025లో 14 నుంచి 24కి దింపేశారు. మంద పెరగకపోతే కొత్తగా వేడెక్కడం ఉండదన్నది శాస్త్రపరంగా కొంతవరకు నిజం. కానీ ఆ వాదనలో ఇప్పటికే పెద్ద మంద ఉన్నవాడికి ఆ మంద హక్కుభుక్తమైపోతుంది. ఆఫ్రికాలో ఏ సాహెల్ దేశమో రేపు నాలుగు ఆవులు పెంచుకుంటే అది "కొత్త వేడి" అవుతుంది, మనవి మాత్రం లెక్కలోకి రావు. ఇక్కడి వాతావరణ సలహా మండలి 2024 డిసెంబరులో 2031 తర్వాతి కార్బన్ బడ్జెట్లని (దేశం ఎంత ఉద్గారం వదలొచ్చన్న పరిమితుల్ని) ఈ 'ఉష్ణోగ్రత స్థిరత్వం' లెక్క మీదే ప్రతిపాదిస్తే చాలామంది శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పింది అందుకే. మీథేన్ తొందరగా పోతుందంటే, తగ్గిస్తే ఫలితం మన కళ్లముందే కనిపిస్తుందని కూడా అర్థం.

సందేహజీవి

అంటే మీ సొల్యూషన్, రైతుల పొట్ట కొట్టి పన్నెయ్యడం. డెన్మార్క్‌లో వేశారుగా ఆవు త్రేన్పు మీద పన్ను. పంతులుగారు ఏసీ రూంలో కూచుని

నిర్వాహకులు

సందేహజీవి గారి వ్యాఖ్యలో చివరి రెండు లైన్లు తీసేశాం. మనుషుల మీదికి వెళ్లకండి.

లెక్కలపంతులు

డెన్మార్క్ పన్ను 2030 నుంచి. టన్నుకి 300 క్రోనర్లు, 60 శాతం మినహాయింపు పోగా రైతు చేతినుంచి పడేది 120. ఆ ఒప్పందంలో రైతు సంఘం, పర్యావరణ సంఘం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూచుని 2024 జూన్‌లో సంతకం పెట్టారు. వసూలైంది మళ్లీ ఆ రంగానికే. ఇక్కడ నేను అడిగేది పన్ను కూడా కాదు, తప్పుకోవాలనుకునేవాడికి గౌరవంగా దారి ఇవ్వమని. 2020 వ్యవసాయ గణనలో 1,35,000 పొలాల యజమానుల్లో మూడోవంతు మంది 65 దాటినవాళ్లు, 35 లోపువాళ్లు ఏడు శాతమే. వాళ్లలో ఎంతమందికి వారసుడున్నాడు? ఆవుకి మూడు వేలిస్తే ఇష్టంగా ఆపేసేవాళ్లు ఉన్నారు. 2023లో మస్క్ గొడవ చూసి భయపడి ఆ పత్రాన్ని అటక మీద పడేశారు.

పాలకేంద్రం

ఆ పథకం వస్తే ముందు నేను పనిచేసే ప్లాంటు మూతపడుతుంది పంతులుగారూ, అది కూడా లెక్కలో వేయండి. పాలని పొడిగా ఆరబెట్టే టవర్లకి అప్పు తెచ్చింది సహకార సంఘం, అంటే మిగిలిన రైతులే. వంద మంది తప్పుకుంటే మిగతా వాళ్ల లీటరు మీద ఆ ఖర్చు పడుతుంది. అలాగే దక్షిణ అమెరికా మెర్కోసూర్ ఒప్పందంలో 99,000 టన్నుల గొడ్డుమాంసానికి తక్కువ సుంకంతో తలుపు తెరిచి, ఇక్కడివాణ్ని పశువులు తగ్గించమంటే వాడికి కడుపు మండదా?

లెక్కలపంతులు

మెర్కోసూర్ మీద మీతో వంద శాతం ఏకీభవిస్తాను. ప్లాంటు మీద మాత్రం ఒప్పుకోను. టవరు నిండాలని నది పాడవకూడదు.

తుంగభద్ర

అందరికీ థాంక్స్. సగం అర్థమైంది, సగం మళ్లీ చదవాలి. ఏటిఒడ్డు గారూ, ఒక్క ప్రశ్న. మాది బ్యాండన్ నది పరీవాహకం. 2028 దాకా ఎలాగూ సమయం ఉంది కదా, ఈలోపు ఆవుల్ని అమ్మకుండా మా పక్కాయన చేయగలిగింది ఏమైనా ఉందా? ఆయనకి ఆఫీసులంటే భయం, తనిఖీకి వస్తారని.

ఏటిఒడ్డు

ఉంది. టీగాస్క్, సహకార సంఘాలు కలిసి నడిపే 'అస్సాప్' అని ఉచిత సలహా సేవ ఉంది. వాళ్లు తనిఖీ అధికారులు కారు, పొలంలో చూసింది పై అధికారులకి రాయరు. ఆయన భయానికి ఇది ముందు చెప్పండి. 2024లో 'ఫార్మింగ్ ఫర్ వాటర్' అని 6 కోట్ల యూరోల పథకం కూడా మొదలైంది. కాలవ పక్కన గడ్డి పట్టీ వదలడం, చెట్లు నాటడం, ధాన్యం పొలమైతే కోత తర్వాత పచ్చిరొట్ట వేయడం లాంటివాటికి డబ్బిస్తారు.

మీ నేల తేలికైనదైతే కాలవ పట్టీ ఒక్కటే చాలదు, నైట్రేట్ కింది నుంచి పోతుంది. అసలు చూసుకోవాల్సింది ఆగస్టు తర్వాత ఎరువు ఎంత వేస్తున్నాడు, క్లోవర్ ఎంత ఉంది, పేడనీళ్ల గుంత చలికాలానికి సరిపోతోందా అని. అక్టోబరు మొదలు జనవరి మధ్య దాకా చల్లకూడదు కాబట్టి చాలామంది సెప్టెంబరు ఆఖర్లో గుంత ఖాళీ చేసేస్తారు. గడ్డి నెమ్మదించే సమయం అది, ఏటికి అంతకంటే చెడ్డ వారం ఇంకోటి లేదు. ఈపీఏ క్యాచ్‌మెంట్స్ వెబ్‌సైటులో మీ నది పేరు కొడితే ఏ పాయలో ఏది సమస్యో మ్యాపులో కనిపిస్తుంది. ఆయన పొలం పక్కన వెళ్లే వాగు పేరు కనుక్కుని ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.